చప్పుడు

ఆదివారం పొద్దున్నే ఏటుకూరు రోడ్డులో
కరీముల్లా కొట్టు ముందు నిలబడి
ముప్పావు కిలో మెడ ముక్కలు, మూడు మూలుగ బొక్కలు
కట్టించుకున్నాను.
"దీనమ్మకేనా?" అని అడిగి
ఇంకో బొక్క ఊరికే వేశాడు.

మా అత్తకి ముక్కు పోయి మూడేళ్లు.
ఉండటానికి ఉంది, ముక్కుపుడకతో సహా.
వాసనే రాదు.
ముప్పై రెండేళ్లు మిర్చి యార్డు పక్క షెడ్డుల్లో
తేజ కాయలకి తొడిమలు తీసిన మనిషి.
మొదట తుమ్ములు పోయాయి.
తర్వాత మల్లెపూలు పోయాయి.
ఒక జ్వరం వచ్చి మిగిలింది ఊడ్చుకుపోయింది.
పెద్దాసుపత్రి డాక్టరు కాగితం మీద ఏదో పొడుగు పేరు రాస్తే
దాన్ని నాలుగు మడతలు పెట్టి
బియ్యం డబ్బా కింద దూర్చింది,
డబ్బా ఊగకుండా.

నేను పొయ్యి దగ్గర. తను గడప మీద.
మధ్యలో సత్తు గిన్నె.

ఉల్లిపాయలు నూనెలో వేశాను.
"ఇంకా వాన పడుతోందే, ఆగు."
వాన వెలిసి
చిటపట మొదలయ్యేదాకా
అల్లం వెల్లుల్లి పడనీయలేదు.
మాంసం వేయగానే గిన్నె గప్‌చుప్ అయింది.
"సిగ్గుపడింది. మూత పెట్టు."

ధనియాలు, లవంగాలు, గసాలు, ఎండుకొబ్బరి చిప్ప
రోట్లోనే నూరాలి.
మిక్సీ వేస్తానంటే
"అది అరుస్తుంది, నాకేం చెప్పదు" అంటుంది.

కొత్తలో నాకు ఒళ్లు మండేది.
ఒక ఆదివారం నా ముక్కునే నమ్ముకుని
పాటల పుస్తకం వెతకడానికి లోపలికి పోయాను.
"అడుగంటుతోంది సువార్తా!"
నాకే వాసనా రాలేదు.
గరిటె పెట్టి గీకితే నల్లటి పొర.
"వాసన వచ్చేసరికి ఆలస్యమైపోద్దే.
మాడేది ముందు గొణుగుతుంది."

దోసకాయ చెక్కు తీసి, చీలిక ఒకటి కొరికి
చేదు చూసేది కూడా తనే.
"చేదూ పులుపూ నాలుకవి. అవి ఎక్కడికీ పోలేదు."
దోసకాయ ముక్కలు, రెండు ములక్కాడలు,
నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు.
కారం మాత్రం నన్ను ముట్టనీయదు.

ఆ వేళ్ల కొసల్లో గీతలు లేవు.
రేషన్ కొట్లో మిషను నాలుగుసార్లు కాదు పొమ్మంది.
"నువ్వు నువ్వేనా మామ్మా?" అని
డీలరు కుర్రాడు నవ్వాడు.
ఆ వేళ్లే డబ్బాలో మునిగి
గుప్పెడు తీసి, కొంచెం జార్చి, మళ్లీ కొంచెం జార్చి
పులుసు మీద విడుస్తాయి.
తూకం రాళ్లు సిగ్గుపడాలి.

గంటన్నర.
తెర్లు పెద్దవై, బరువై,
ముసలాయన మెట్లెక్కినట్టు
ఒక్కో బుడగా ఆగి ఆగి పగులుతుంటే
"దించెయ్" అంది.

గోడ అవతల నాగరత్నం గారు తుమ్మారు.
వాళ్లాయన తుమ్మాడు.
వాళ్ల మూడో వాడు రెండుసార్లు తుమ్మాడు.
అత్త వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని
"కుదిరింది" అంది.

అన్నం గుంట చేసి పులుసు పోశాను.
మూలుగ బొక్క నోట పెట్టి పీలిస్తే
చిన్న ఈల వచ్చింది.
నుదుటి మీద చెమట,
మెడ కిందికి చెమట,
కళ్లలో నీళ్లు.
తుడుచుకోదు. అదే తనకి మిగిలిన వాసన.

చెయ్యి కడగబోతూ ప్రతి ఆదివారం అడిగేదే అడిగింది:
"ఎట్టా వస్తోందే, చెప్పు."

పోయిన వారం మసాలా అన్నాను. ఒప్పుకోలేదు.
అంతకుముందు కమ్మగా అన్నాను.
"కమ్మగా అంటే ఎట్టా?"
ఈసారి చాలాసేపు గిన్నె మీద వంగి చెప్పాను:
"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో
సందేళ షెడ్డు నించి వచ్చి
నువ్వు దండెం మీద వేసేదానివే చీర,
దాని కొంగులాగుంది, అత్తా."

ఏం అనలేదు.
ఎంగిలి చెయ్యి అట్లాగే పైకి పట్టుకుని
రెండో చేత్తో కొంగు తీసి ముక్కుకి ఆనించుకుంది.
చాలాసేపు.

తర్వాత వదిలేసి అంది,
"ఉప్పు ఒక రవ్వ తగ్గింది."