అచ్చుతప్పు

గంటస్తంభం దగ్గర ఫ్లెక్సీ షాపువాడు
ఒక్క అక్షరం ఎక్కువ కొట్టాడు.
'మానసిక ఆరోగ్య వారోత్సవం' అని మేం రాసిస్తే
'మానసిక అనారోగ్య వారోత్సవం' అని,
పన్నెండడుగులు, పసుపు మీద ఎర్రగా.
టీలు మానేసి కూడేసిన డబ్బులు.
మళ్లీ వేయించే దారి లేదు.

హైమావతికి ఏడుపొక్కటే తక్కువ.
తవిటినాయుడు మాత్రం నిచ్చెనెక్కి
క్యాంటీన్ గోడకి కట్టేసి దిగి
"ఉత్సవమంటే ఉత్సవమే, ఉండనీ" అన్నాడు.

అంతకుముందు నెల్లాళ్లు
క్యాంటీన్ వెనక మెట్ల మీద
బుధవారం సాయంత్రం ఆరున్నరకి
ముగ్గురం కూర్చునేవాళ్లం.
'మాట్లాడుకుందాం రండి' అని కాగితాలంటించాం
నీళ్ల ఫిల్టరు మీద, లైబ్రరీ అద్దం మీద,
బాత్రూం తలుపులకి లోపలివైపు.
మొదటి వారం కుక్క వచ్చింది.
రెండో వారం ఒక జూనియర్ వచ్చి
చార్జరుందా అనడిగి పోయాడు.
మూడో వారం వార్డెను వచ్చి
"పిచ్చోల్ల సంగమేట్రా ఇది" అని
టార్చి మా మొహాల మీద వేసి, ఆర్పి,
ఊరికే కాసేపు నిలబడి వెళ్లాడు.
ఆ నిలబడడం గురించి
తర్వాత చాలాసార్లు అనుకున్నాం.

ఫ్లెక్సీ కట్టిన రోజు కాలేజీ అంతా నవ్వింది.
సివిల్ వాళ్లు దాని కింద సెల్ఫీలు దిగారు.
ప్రిన్సిపాల్ గారు కారాపి చదివి, మళ్లీ చదివి,
అద్దం ఎత్తుకున్నారు.
ఆ సాయంత్రం మెట్ల మీద చోటు చాల్లేదు.
సగంమంది ఎగతాళికి వచ్చినవాళ్లే.
మిగతా సగం ఎందుకొచ్చారో
ఆ మసక దీపంలో తెలియలేదు.

అమ్మాయిల హాస్టల్ బెల్లు కొట్టింది. అందరూ లేచారు.
ఒకడు మిగిలాడు.
ఢిల్లేశ్వరరావు. కవిటి అవతల ఏదో పల్లె.
"అన్నా, ఆ బోర్డు మార్సకండి.
తప్పు కాదది. నాకదే ఉన్నాది."

ఆ పైన చాలాసేపు ఏమీ అనలేదు.

మా తాత గోగు వేసేవాడు.
కోసి, కట్టలు కట్టి, మడుగులో ముంచి, పైన రాళ్లు పెట్టేవాడు.
ఊరంతా కంపు. మేం ముక్కులు మూసుకుని
ఎప్పుడు తీస్తావని పీకేవాళ్లం.
"తొందరపడి లాగితే నార తెగిపోతాది.
ఉండండర్రా, దానికదే వదుల్తాది."
ఆ మెట్టు మీద నేను తాతలా కూర్చున్నాను.

వదిలింది.
తెల్లారగట్ల మూడింటికి మెలకువ వచ్చేస్తుందట.
పక్క మంచం వాడి గురక లెక్కపెడతాడట.
నాన్నకి వారానికి రెండు డయాలసిస్‌లు.
ఫోన్‌లో ఆయన "సదువుతున్నావా" అంటాడట,
వీడు "సదువుతున్నాను" అంటాడట.
నాలుగు సబ్జెక్టులు పోయాయి.
అన్నానికి రుచి పోయి ఎన్నాళ్లయిందో గుర్తులేదట.

వాట్సాప్‌లో దాచుకున్న మంచిమాటలు
నా దగ్గర బోలెడు. ఒక్కటీ బయటికి తీయలేదు.
పొద్దున్న హైమావతి చెప్పింది:
"శుక్రవారం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఉంటాది. అందరం పోదాం."

ఏడున్నర బస్సు. ఓపీ వరస.
చీటీలు రాసేవాడు గట్టిగా, "మెంటల్ ఓపీ ఎవలికి?"
వరసంతా వెనక్కి తిరిగింది.
ఢిల్లేశ్వరరావు చెప్పుల వైపు చూస్తున్నాడు.
"నలుగురికీ రాసీండి" అన్నాడు తవిటినాయుడు.
రాసేశాడు.

ఆ చీటీ నా పర్సులో ఉంది ఇంకా.
అతను రెండోసారి రానన్నాడు. మూడోసారి వచ్చాడు.
మాత్రలు మొదట్లో నిద్రమత్తు, తర్వాత నిద్ర.
ఒక సబ్జెక్టు మళ్లీ పోయింది.
గాలివానకి ఫ్లెక్సీ ఊడి పడితే
వార్డెను మడతపెట్టి తన గదిలో పెట్టుకున్నాడు.
ఎందుకని మేం అడగలేదు.

నిన్న బుధవారం. వాన. మెట్ల మీద ఇద్దరమే.
ఇంటి నుంచి తెచ్చిన జీడిపప్పు పొట్లం విప్పి
నాలుగు నా చేతిలో పోసి
"అందర్నీ అడుగుతావు గదా అన్నా,
నీకేటైనాది?" అన్నాడు.

నవ్వేద్దామనుకున్నాను.
పప్పు నోట్లో వేసుకుని
నములుతున్నట్టు చాలాసేపు నటించాను.

అతను తొందరపెట్టలేదు.