మూడో అంకానికి నలుపు

మొదటి అంకానికి అర్దళం పూస్తాను.
పసుప్పచ్చ మీద పల్చగా ముత్యాలపొడి,
నుదుట నిలువుగా ఒకే ఒక్క నామం.
అప్పటికింకా రాజు మంచివాడు.
తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి ఆయన పద్యమెత్తుకుంటే
చిత్తూరు జనం చెనక్కాయలు ఒలుచుకుంటా ఉంటారు.
ముప్పయ్యేళ్ళుగా తెర పక్కనుంచి చూస్తున్నా,
మంచి రాజుకి వన్స్‌మోర్ కొట్టినోడు లేడు.

రెండో అంకానికి కంటి కింద ఒక గీత.
నిండుసభలో మంత్రి అబద్ధమాడినాడు,
రాజు విన్నాడు, ఊరకున్నాడు.
ఆ ఊరకుండటానికి
వెంట్రుకంత కాటుక చాలు.

మూడో అంకం దగ్గరే మాకు పేచీ.
పుస్తకంలో ముని ఉన్నాడు, శాపం ఉంది,
రేకు కొట్టి వినిపించాల్సిన ఉరుముంది.
శాపం తగిలినాకే రాజు చెడిపోవాల.
"ఆ పద్యం కొట్టేద్దాం" అన్నాడు చెంగల్రాయుడు,
అద్దంలోంచి నన్నే చూస్తా.
"ముని ఎందుకు సామీ?
బెల్లం మండీలో తూకమేస్తాను గదా,
ఒకనాడు ఊరికే, అలుపుకి,
రాళ్ళున్న పళ్ళెం మీద నా బొటనవేలు ఆనింది.
రైతు చూళ్ళేదు.
షావుకారు చూసినాడు.
ఏమీ అన్లేదు, నాకొక టీ చెప్పినాడు.
అంతే సామీ. యాడా ఉరమలేదు."

నేనేమీ మాట్లాడలేదు.
నెలనెలా మా ఇంటికొచ్చే బెల్లం అచ్చు
ఎవరి బండిలోదో నేనెప్పుడూ అడిగినోణ్ణి కాదు.
కుంచె తడిపి, మూడో అంకానికి
ఎంత నలుపు వెయ్యాలో తెలీక
కాసేపు గిన్నెలోనే తిప్పుతా కూర్చున్నాను.

నీవా ఒడ్డున ఆట.
మాఘమాసం చలి, గోనెపట్టాల మీద జనం.
తమ్ముడి పాలగిన్నెలో విషం కలిపించిన రాజు
తమ్ముడి కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి
"నేనెరుగను" అని ప్రమాణం చేసే ఘట్టం.
హార్మోనియం శ్రుతి పట్టింది.
ముందు వరసలో ఒక ముసలమ్మ
కప్పుకున్న దుప్పటి తోసేసి లేచి నిలబడింది.
"కాణిపాకం పొయ్యి సెప్పరా ఆ మాట!"

ఈలలు. నవ్వులు. పిల్లకాయల కేకలు.
చెంగల్రాయుడు మాత్రం పద్యం మర్చిపోయినాడు.
తెర చాటునుంచి కోదండాచారి మొదటి పాదం అందించినాడు,
మళ్ళీ అందించినాడు, మూడోసారి కసిరినాడు.
నేను చూస్తా ఉన్నాను.
పిల్లోడి తల మీద నాలుగు వేళ్ళున్నాయి.
బొటనవేలు మాత్రం గాల్లో లేచి,
ఎక్కడ వాలాలో తెలీని ఈగ మాదిరి.

తర్వాత పాడినాడు.
ఆ పద్యం వందసార్లు విన్న చెవులు నావి,
ఆ రాత్రి రాగం తగ్గించి, మాట మాటా విడదీసి,
బండి దింపుకున్న రైతుతో లెక్క చెప్తున్నట్టే పాడినాడు.
మూడు వన్స్‌మోర్లు.
మూడోసారి కళ్ళు మూసుకున్నాడు.

నాలుగో అంకంలో స్నేహితుణ్ణి చంపుతాడు,
ఐదులో తనే చస్తాడు.
అవి తేలిక. ఎర్ర దీపమొకటి చాలు.

తెల్లారుజామున కొబ్బరినూనె, పాత పంచె ముక్క.
కిరీటం కింద నెత్తి ఒరుసుకుపోయి ఉంది.
పసుపు పోయింది, నలుపు పోయింది,
చెవి వెనక మిగిలిన ముత్యాలపొడి కూడా తుడిచినాను.
"అరగొండ బళ్ళు ఆరింటికే దిగతాయి,
పోవాల" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటా.
ఒక గుండీ తప్పింది. మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకున్నాడు.

ఈ నెల బెల్లం వద్దులే అబ్బయ్యా,
అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.
కోదండాచారి పుస్తకం మూట కడతా ఉన్నాడు,
నేను అదే చూస్తా ఊరకున్నాను.
వేలికి కాటుక అంటుకొని ఉంది,
వెంట్రుకంత.
పంచెకు తుడుచుకున్నాను.