ఎరుకైన దినం

హన్మకొండ కోర్టు ఎదురుంగ, జిరాక్స్ షాపు మీది గదిల
నేను దినాలు లెక్కపెడుత.
వకీలు గుమాస్తాను. ముప్పై ఏండ్ల సంది ఇదే పని.
ఇసొంటి కేసుకు ఐదేండ్లు.
సరైన కారణం చూపితే ఇంకో అరవై దినాలు.
అరవై ఒకటో దినం తలుపు గోడైతది.

ఓదెలు సంచినిండ రసీదులు తెచ్చిండు.
జేసీబీకి ఇంత, ట్రాక్టర్లకు ఇంత,
బాయి అడుగున పేరిన నీలం బురద ఎత్తినందుకు
ఏడుగురు కూలోళ్లకు ఇంత,
వాళ్ల కాళ్లకు రాసిన మందుకు ఇంత.
రంగుల ఫ్యాక్టరీ మూతబడి తొమ్మిదేండ్లు.
ఎవడో విడిచిన మైల
ఊరు ఇంటికి రెండు వేలేసుకొని కడుక్కున్నది.

"మీకు మొదలు ఎన్నడు ఎరుకైంది?"
కేసంత ఈ ఒక్క మాట మీద ఆగింది.

ఓదెలు తల గోక్కున్నడు.
ముందుగాల బర్రెకు ఎరుకైంది సారూ,
తొట్టిల మూతి పెట్టి మల్ల తీసింది.
ఆనెంక కనకలచ్చమ్మకు.
బియ్యం కడిగితే నీళ్లు పచ్చవడుతున్నయంటే
ఆమె మాట ఎవరు ఇన్నరు?
ఆనెంక పత్తికి. ఆనెంక మా తమ్ముని కిడ్నీలకు.
పట్నం నుంచి ల్యాబు కాయితం వచ్చినంక
ఆఖరుకు మాకు.

బర్రె వాంగ్మూలం రాసుకునే ఫారం నా దగ్గర లేదు.
ల్యాబు తేదీ రాసిన.

చెన్నై ట్రిబ్యునల్ మా ఆఫీసు కంప్యూటర్ల కనబడ్డది.
అవతలి వకీలు గొంతు పెంచలే.
పాత పంచాయతీ తీర్మానం ఒకటి తీసి నిదానంగ చదివిండు:
"బావి నీరు రంగు మారినదని శ్రీమతి కనకలక్ష్మి తెలుపగా
విచారించి చూడవలెనని తీర్మానించడమైనది."
తేదీ ఉన్నది. ముద్ర ఉన్నది.
కింద సంతకం, సర్పంచ్ ఓదెలు.
ఆరేండ్ల మూడు నెలల కింద.

ఇన్నేండ్లకు ఆమె మాట నమ్మినోడు
ఫ్యాక్టరీ తరఫు మనిషి.

మట్టి కింద విషం నడిచి వచ్చింది,
రాయి రాయికీ ఆగుకుంట, దమ్ము తీసుకుంట.
గడువు పరకాల బస్సెక్కి ఎప్పుడో పోయింది.

రసీదులు మల్ల సంచిల కుక్కుతుంటే
ఓదెలు చేతులు వణికినయ్.
సారూ, కేసు పోయింది సరే,
నీళ్లు పల్లానికి దిగుడు ఆగుతదా?

నేను కాయితం చింపి రాసిచ్చిన.
పల్లంల ఉన్న ఊరికి ఈ రాత్రికే పో.
బాయికాడ ఆడోళ్లను అడుగు, ఏం చెప్పినా నవ్వకు.
తేదీ రాయి.
బర్రె మూతి తిప్పుకుంటే
ఆ గంట గూడ రాయి.