పూడిక

పంతొమ్మిదేళ్లు బోరు లారీ మీద బతికినా.
కళ్యాణదుర్గం చుట్టూ
ఎవరెవరి చేలల్లో తెల్లదుమ్ము లేపినానో
డైరీలో ఉంది. తెరవను.

నలభై ఏడేళ్లకు
కుళ్లాయప్ప తావ కూలికి చేరినా.
నాకన్నా పదేళ్లు చిన్నోడు.
పాత దిగుడుబావిలో పూడిక తీసే పని.

"నీళ్లెప్పుడు పడతాయి?" అంటే
"ముందు మెట్లు కనపడనీ" అన్యాడు.

రాత్రి ఇంట్లో
కూలెంతని అడగబోయి
"డీజిలు వాసన పోయిందే" అనింది సుంకమ్మ.

ఈ పొద్దు పదకొండో మెట్టు.
తెగిన చెప్పు, సీసా పెంకులు,
సొట్టబోయిన చెంబొకటి.
దాని అడుగున మన్ను
కొంచెం నల్లగా.

వేలితో నొక్కి చూసినా.
తడో,
నా చెమటో.

కుళ్లాయప్పను అడగలేదు.
గంప పైకందిచ్చినా.