హాఫ్ క్లచ్

మొదలు చూసింది వాచ్‌మన్ సత్తెయ్య.
"ఏసీ నీళ్లు మేడం, ఫికర్ చెయ్యకుండ్రి."
జనవరి నెల. ఏసీ వేసి రెండు నెలలైంది.

వంగి వేలితో తాకిన.
నీళ్లైతే వేలును విడిచిపెడతయి,
ఇది విడువలేదు.
బ్లడ్ బ్యాంకుల పదకొండేండ్ల నౌకరీ నాది,
ఏ సంచి కారుతుందో చూపుకే చెప్తా.
కారు కాడ మాత్రం చదువు రానిదాన్ని.

ఆ రాత్రి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి
పాత యాక్సెంట్ కింద పరిచి పన్న.
పొద్దుగాల గేర్‌బాక్సుకు సూటిగ కింద
రూపాయి బిళ్లంత మచ్చ.
ఇంజన్ ఆయిల్ నలుపు కాదు, కూలెంట్ పచ్చ కాదు,
ఇరానీ హోటల్‌ల కప్పు అడుగున మిగిలే రంగు.
బానెట్ ఎత్తితే, చిన్న డబ్బాల నూనె
కింది గీత కాడికి దిగింది.
ఒక సీసా కొని నింపిన. ఆదివారం చూపిద్దామనుకున్న.
ఆదివారం దాక ఆగే గుణం నాది,
దానిది కాదు.

బేస్తారం, ఐదుంబావు.
నల్గొండ చౌరస్తాల ఎవ్వరూ లెక్కచెయ్యని సిగ్నల్‌కు
నేనొక్కదాన్నే ఆగబోయి క్లచ్ తొక్కితే
కాలి కింద ఏమీ లేదు.
ఇంకో మెట్టు ఉందనుకొని చీకట్ల దిగినట్టు.
పెడల్ నేలకు అంటుకొని మళ్ల లేవలే.
బండి ఎగిరి, దగ్గి, చచ్చూరుకుంది.
ఎనక పాల వ్యాను హారను.

సుల్తానా ఆపా యాదికొచ్చింది.
నుమాయిష్ లేని నెలల్ల
నాంపల్లి మైదానంల ఆడోళ్లకు బండి నేర్పేది.
మొదటి వారం యాక్సిలేటర్ ముట్టనియ్యలే.
"ఎడమ కాలుతోని విను బేటీ.
క్లచ్ లేపుతుంటే ఒక్క కాడ
బండి ముక్కు జరంత లేస్తది, స్టీరింగ్ వణుకుతది.
అగో, ఆడ ఉండు.
అది పోవుడు కాదు, ఆగుడు కాదు."
ఆఖరి రోజు, ఎవరూ అడగకుండనే
క్లచ్ లేకుండ నడుపుడు చూపింది.
ఇదెందుకు ఆపా అంటే,
"మా ఆయన అంబాసిడర్‌కు క్లచ్ ఉన్న రోజులు తక్కువ" అన్నది.

బ్రేకు రెండు మాట్ల తొక్కి చూసుకున్న. గట్టిగనే ఉంది.
పాల వ్యాన్‌ను ముంగటికి పోనిచ్చి
ఒకటో గేరుల ఉంచి తాళం తిప్పిన.
మొండి పోరన్ని బడికి గుంజుకపోయినట్టు
స్టార్టర్ గుంజింది బండిని.
మూడో కుదుపుకు ఇంజన్ అందుకుంది.
యాక్సిలేటర్ వదిలి, రెండు వేళ్లతో లివర్‌ను అడిగిన,
న్యూట్రల్‌కు జారొచ్చింది.
ఇంజన్ గొంతు దిగేదాక ఆగి
రెండో గేరుకు ఊరికె ఆనిచ్చిన.
తోసుడు లేదు.
పండ్లు పండ్లను గుర్తుపట్టి లోపల్నే కలిసినయ్.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద మూడో గేరు గర్రుమన్నది.
నేనే తొందరపడ్డ.
కింద మూసీ వాసన, ఒళ్లంత చెమట,
కోఠిల బస్సు అడ్డమొస్తే దానికో దండం.

గోషామహల్‌ల బాలకిషన్ షట్టర్ లేపేసరికి తొమ్మిదిన్నర.
సిలిండర్ విప్పి, చిటికెన వేలుకు పట్టే రబ్బరు ఉంగరం
నా అరచేతిల పెట్టిండు. అంచున ఎంట్రుకంత పగులు.
"గింతే మేడం."
కొత్తది వేసి, కిందికి దూరి కేకలేసిండు:
"తొక్కుండ్రి. పట్టుకోండ్రి. ఇడువుండ్రి."
గొట్టంల బుడగలు ఒక్కొక్కటే బయటికి.
ఇరవయ్యో మాటుకో ఏమో
పెడల్ నా కాలును తిరిగి తోసింది.
దోస్తు చెయ్యి కలిపినంత బరువు.
ఎవలు నేర్పిన్రు క్లచ్ లేకుండ అని అడిగిండు బాలకిషన్.
చెప్పిన. ఆపా నంబరు నాకాడ లేకపాయె.

అట్ట ఇంక బండి కిందనే ఉంది,
ఎండిన పాత మచ్చ ఒక్కటే దాని మీద.
పారేయ్యాల్నా అంటే ఉండనీ అన్న.
ఇయ్యాల పొద్దున సెల్లార్ ర్యాంపు ఎక్కుతూ
ఎవరూ అడ్డం లేకున్నా సగంల ఆగిన,
ముక్కు లేచి, స్టీరింగ్ సన్నగ వణుకుతుంటే.
సత్తెయ్య ఉరికొచ్చిండు.
"ఆగిపోయిందా మేడం?"
"లేదు. వింటున్న."