బాతుల కేసు

రాజోలు స్టేషను మెట్టు దగ్గరే
చెప్పులు విప్పబోయాను.
"అక్కర్లేదండి, రండి" అందావిడ.
ఖాకీ కాదు, గళ్ళ నేతచీర.
దంగేటి వీరవేణి.
పోలీసు కాదట,
మా బోటి గోడు రాసుకోడానికి పెట్టిన మామూలు మనిషి.

పోయినేడు ఇదే బల్ల ముందు
పదకొండు బాతులు పోయాయంటే
హెడ్డుగారు నవ్వారు.
"కూరొండుకున్నోడి పేరు చెప్పు, పట్టుకొస్తాం."
బందోబస్తుకి జీపెక్కేశారు.
ఆయన్నీ అనలేం.
నలుగురు మనుషులు, ఇరవై ఊళ్ళు,
మధ్యలో మంత్రిగారి రాక.

ఈసారి పోయినవి ఏడు.
ఏ బోదె గట్టు? కోత అయిన మడేనా?
రెక్కలకి రంగేశారా?
కుంటిదొకటి ఉందన్నాను.
కలం ఆపి చూసింది:
"ఎడమకాలా, కుడికాలా?"
నా జన్మలో నన్నెవరూ
అంత నిదానంగా అడగలేదు.
కంగారులో ఏదో చెప్పాను.

నంబరేసిన చీటీ
తలపాగాలో మడిచి పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజు, మందని కాలవ దాటిస్తుంటే
ఫోను.
"మలికిపురం సంతలో మావాళ్ళు వాకబు చేశారండి.
దొరకలేదు.
కేసు మూసెయ్యలేదు, ఉంది."

దొరకలేదని చెప్పడానికి
ఫోను చేస్తారా ఎవరైనా!

గూట్లోకి తోలుతూ లెక్కపెడుతుంటే
అప్పుడు తట్టింది
కుంటిది ఎడమకాలు.
కుడని రాయించాను.

రేపు పొద్దున్నే వెళ్ళాలి,
దిద్దించాలి.