జీడి గుర్తు

పరకాల అవతల రాక్షసిగుళ్ల కాడ
దినానికి ఐదు వందల కూలి.
తవ్వుడు మగోళ్లకు, కడుగుడు నాకు.
పండ్ల బ్రష్షుతోటి
పసిపిల్ల వీపు తోమినట్టు
ఒక్కొక్క పెంకును మెల్లగ.

లోపల నలుపు, బయట ఎరుపు.
మన్ను కరిగి నీళ్లల్లకు దిగుతాంటే
మూడు గీతలు తేలినయి,
వాటి మీద కొడవలసొంటి వంపు,
పక్కన ఒక్క చుక్క.

"ఇది రాతేనా సారూ?"
కుర్ర సారు కండ్లద్దాలు నెత్తి మీదికి నూకిండు.
"ఎవలకూ తెల్వదమ్మా.
రెండున్నర వేల ఏండ్ల సంది
చదివినోడు లేడు."
సంచి మీద నంబరేసి ముడేసిండు.

నాకు నవ్వొచ్చింది.
మా అవ్వ కొంరవ్వకు అక్షరమ్ముక్క రాదు.
నల్లజీడి గింజల సూది ముంచి
అంచు మూలకు గీసేది.
రెండు గీతలు వడ్లోళ్లిల్లు.
గీత మీద అడ్డగీత గడిలోళ్లది.
మూడు చుక్కలుంటే బాలింత బట్ట,
వేరే గూనల ఉడకెయ్యాలె.
జీడి తాకి ఆమె వేలి కొస
ఎప్పుడూ పొక్కే ఉండేది.
నూటపది గడపల ఊరు
ఆ పొక్కు కిందనే ఉండేది.
ఉబ్బల ఎంత ఉడికినా గుర్తు చెదరలే,
ఒక్క చీర ఇల్లు తప్పలే.

మాకు మాత్రం గుర్తు లేదు.
అందరియి పంచినంక
మిగిలినయే మావి.

ఆమె పోయిన మూడోనాడు
దండెం మీది చీర తీస్తే
కొంగు మూలకు జీడి మరక.
ఏ ఇంటిదీ కాదు.
ఒక గీత, దాన్ని ఆనుకొని ఇంకో గీత,
కింద తుడవబోయి ఆగిన చుక్క.
జీడి తుడిస్తే పోదని
ఆమెకు తెల్వదా?

చిన్నవ్వనడిగిన. రేవుల ముసలోళ్లనడిగిన.
తిప్పి తిప్పి చూసిన్రు,
గీ సారు చూసినట్టే.

రాజు పేరంటరు, దేవుని పేరంటరు,
పట్నం నుంచి కార్లల్ల వచ్చి ఫొటోలు దిగుతరు.
నాకేమో
"గీ కుండ నాది వదినే, ముట్టకు" అన్నట్టే
కొడుతాంది.

"ఎందుకు నవ్వుతున్నవమ్మా?"
"ఏం లేదు సారూ."

పెంకును ఎండకు బోర్లిచ్చిన,
గీతలు పైకే ఉండెటట్టు.
తొట్టిల నీళ్లు ఎర్రబడ్డయి.
మార్చాలె.